సుడిదోమకు సాలీడు కాటు

గుడివాడ చుట్టుపక్కల సార్వా వరిచేలో ఓ దుబ్బుని పక్కకు వంచి చూడండి. దోమ పడిన చేనైతే నీటికి కాస్త పైన, మొదళ్ల దగ్గర గోధుమరంగు సుడిదోమలు గుంపుగా ఉంటాయి. వాటి మధ్యే పరుగులు తీస్తుంటుంది లైకోసా సాలీడు. ఇది వల అల్లదు. వెంటాడి పట్టుకుంటుంది. రోజుకి 5 నుంచి 15 పురుగుల్ని తినేస్తుంది!

సాలీళ్ల బలమంతా కోరల్లోనే. కాటుతో పురుగు ఒంట్లోకి దిగే విషంలో నాడుల్ని దెబ్బతీసే చిన్న చిన్న ప్రొటీన్లుంటాయి. నాడీకణాల్లోకి సోడియం, కాల్షియం వెళ్లేందుకు ద్వారాలున్నాయి. జాతిని బట్టి విషం ఆ ద్వారాల్ని మూసేస్తుంది, లేదా మూసుకోనివ్వదు. ఎలాగైనా కండరాలకు అందాల్సిన కబురు తప్పిపోతుంది. పురుగు కాళ్లు చచ్చుబడి కదల్లేదు.

ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ ఫనెల్‌వెబ్ సాలీడు విషంలో ఉండే ఇలాంటి ప్రొటీనుతో అమెరికాలో ఏకంగా పురుగుమందే చేశారు. 2014లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. సాలీళ్లను పట్టి పిండక్కర్లేదు, ఈస్టు సాయంతో తయారవుతుంది.

బందరు, దివిసీమ రైతుకి మాత్రం సాలీడు సాయం ఉచితం. కానీ, దోమ కనపడగానే సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే సాలీళ్లు చస్తాయి. ఆకు తొడుగుల్లో దాగిన దోమ గుడ్లు మిగులుతాయి. అవి పిల్లలయ్యేసరికి అడ్డుకునేవాళ్లుండరు. చేను సుడులు సుడులుగా ఎండుతుంది. మందు ఖర్చూ దండగ, గింజా దక్కదు.

అందుకే నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు శాస్త్రవేత్తలు. యూరియా అతిగా వేయొద్దంటారు. మందు కొట్టేముందు దుబ్బు తట్టి దోమలతోపాటు సాలీళ్లనీ లెక్కపెట్టాలి. అవి దండిగా ఉంటే స్ప్రేయరుకి తొందర లేదు!