తొలి పాత్ర

పాచికలాట మనకు క్రొత్త కాదు. పాచికలతో కథ నల్లుకొను ఆట యొకటి 1974లో అమెరికాలో వెలువడినది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. నేలమాళిగలు, రెక్కలసర్పములు అని భావము. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను వారు దానిని రూపొందించిరి. ఆటగాండ్రు బల్ల చుట్టును కూర్చుందురు. ఒకరు కథను నడపుదురు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు.

ఆ పాత్రను కల్పించుట యెట్లు? బలము, చురుకుదనము, దేహదార్ఢ్యము, తెలివి, వివేకము, జనాకర్షణ అని గుణములు ఆరు. తొలినాటి నియమము ప్రకారము ఒక్కొక్క గుణమునకు ఆరు ముఖముల పాచికలు మూడు వేసి, చుక్కలను కూడవలెను. మొత్తము 3 మొదలు 18 వరకు రావచ్చును. 18 పడుట సగటున 216 మారులకు ఒక్క మారే. ఆ అంకెలను చూచి యోధుడో, మాంత్రికుడో నిర్ణయించి, పేరు పెట్టవలెను.

క్రొత్తవారు అన్నిటను మేటియైన వీరుని కోరుదురు. చిన్న అంకె పడగానే చిన్నబుచ్చుకొందురు. బలము 16, తెలివి 6 గల యోధుని తలపుడు. అతడు మూసిన తలుపును పగులగొట్టగలడు. దానిపై చెక్కిన పొడుపుకథను విప్పలేక మాంత్రికుని పిలుచును. అప్పుడు గదా మాంత్రికునకు పని, చెలిమికి చోటు, కథకు మలుపు! అన్నియు తానే చేయగలవానికి తోడెందులకు? కావున, బాలలారా, తొలి పాత్రలోని కొరతను దాచక ఆడుడు. తోడివారు మీకు అక్కరకు వచ్చుట అందువలననే.