సన్నిహితార్థక ఆంగ్ల ప్రయోగములు: తెలుగు అభ్యాసకుని ఎన్నిక

నెల్లూరు జిల్లాలోని బోగోలును, బిట్రగుంట రైల్వేస్టేషనును వేరుచేసి చెప్పుట కష్టము. ఆవిరియంత్రముల కాలమున అచ్చట పెద్ద లోకోషెడ్డుండెను. ఆంగ్లో-ఇండియను కుటుంబములు రైల్వేకాలనీలో కాపురముండుటచే ఆ ప్రాంతమువారికి ఇంగ్లీషు పుస్తకముల ద్వారానే గాక చెవుల ద్వారాను పరిచితమయ్యెను. అట్టిచోట సైతము అభ్యాసకుడు తడబడునది కఠినపదముల కడ కాదు. ఒండొంటిని పోలిన సులభ ప్రయోగముల కడనే.

ప్లాట్‌ఫారముపై నిలిచి, ఎదుట ఆగిన బండిని చూపి ‘బండి వచ్చింది’ అందుము. ‘నిన్న బండి వేళకు వచ్చింది’ అనియు అందుము. తెలుగున క్రియ మారలేదు. ఇంగ్లీషున మొదటిదానికి ‘హాజ్ కమ్’ అనియు, రెండవదానికి ‘కేమ్’ అనియు వాడవలెను. ఇట ‘హాజ్ కమ్ యెస్టర్‌డే’ అను దోషము మన విద్యార్థులలో మిక్కిలి తరచు. దీనికి కొంతవరకు బోధకులమే కారణమని మా అభిప్రాయము. ‘ఇటీవల ముగిసిన పనికి హాజ్’ అని సూత్రము చెప్పుదుము. నిన్నటిది ఇటీవలిదే కదా యని విద్యార్థి తలచును. వాని తర్కమున తప్పు లేదు, సూత్రముననే కలదు. నలువదియేండ్ల క్రిందట భారతము చదివినవాడును ‘ఐ హావ్ రెడ్ ఇట్’ అనవచ్చును. అయిదు నిమిషముల క్రిందట వచ్చిన బండికి ‘ఫైవ్ మినిట్స్ అగో’ అని చేర్చినచో ‘కేమ్’ అనియే అనవలెను. కాలము దగ్గరా, దూరమా అనునది కాదు ప్రశ్న. గడచిపోయిన నిర్ణీతకాలమును పేర్కొంటిమా లేదా అనునదే. అమెరికావారు కొన్నిచోట్ల ‘హాజ్’ను విడిచెదరు గాని, వారును దానిని ‘యెస్టర్‌డే’తో కూర్పరు.

‘సే’, ‘టెల్’ అను రెంటికిని నిఘంటువు ‘చెప్పు’ అనియే అర్థమిచ్చును. అర్థము సరియే, కాని ‘నాతో చెప్పెను’ అనుటకు ‘టోల్డ్ మి’ చెల్లును, ‘సెడ్ మి’ చెల్లదు, ‘సెడ్ టు మి’ కావలెను. భేదము అర్థమున గాక వాక్యపు కూర్పున నున్నది. హార్న్‌బీ ప్రభృతులు జపాను విద్యార్థులకై 1942లో టోక్యోలో ప్రకటించిన నిఘంటువున క్రియలకు వాక్యరచనా క్రమములను గూడ చూపిరి. 1948లో ఆక్స్‌ఫర్డువారు దానిని వెలువరించిరి. ఇట్టి చిక్కు మన భాష నేర్చు ఆంగ్లేయునికిని లేకపోలేదు: తన ‘వి’ అను ఒక్క మాటకు మేము, మనము అను రెంటిలో ఏదో ఒకటి అతడు ఎన్నుకొనవలెను.

వ్యాకరణదోషము మార్కులతో పోవును. మర్యాదాదోషము అట్లు పోదు. మే మెరిగిన యొక యువకుడు ఉద్యోగమున చేరిన క్రొత్తలో ‘ఐ వాంట్ టూ డేస్ లీవ్’ అని అర్జీ వ్రాసెను. పై యధికారి దానిని పొగరుగా భావించి సంజాయిషీ కోరెను. ఆ వాక్యమును పరీక్షలో మేమైనను కొట్టివేసియుండము. ‘నాకు సెలవు కావలెను’ అనునపుడు తెలుగున కర్త వెనుకకు తగ్గును. అవసరము తనకు కలిగినదని మాత్రమే ధ్వని. ‘ఐ వాంట్’లో కోరువాడు ముందు నిలుచును. ‘మే ఐ హావ్’ అనియో, ‘ఐ షుడ్ బి గ్రేట్‌ఫుల్’ అనియో వ్రాసియుండిన సంజాయిషీ అడిగెడివారు కారు.

అందుచే మా తరగతిలో ఇట్టి ప్రయోగముల జంట నిచ్చి, తెలుగు అర్థము వ్రాయవద్దనియు, ఎవరు ఎవరితో ఎప్పుడు అనుచున్నారో వ్రాయుడనియు కోరుచున్నాము. ఒక విద్యార్థిని ‘అట్లయిన తెలుగున మర్యాద ఎక్కడ నున్నది?’ అని యడిగెను. ‘సెలవు ఇప్పించండి’ అను వాక్యమును బల్లపై వ్రాసితిమి. తుదినున్న ‘అండి’ని అందరును గుర్తించిరి. ‘ఇవ్వండి’ అనక ‘ఇప్పించండి’ అని ప్రేరణార్థకమును వాడుటలోని వినయమును గుర్తించుటకు గంట మ్రోగువరకు పట్టెను.