గదిలో సూర్యుని కొలుచుట

వేపచెట్టు నీడలో నేలమీద పడు వెలుగు మచ్చలను పరిశీలింపుడు. ఆకుల సందులు వంకరటింకరగా ఉన్నను, మచ్చలు చాలవరకు గుండ్రముగానే ఉండును. ఇవి సందుల ఆకారములు కావు, సూర్యుని బింబములు. 2019 డిసెంబరు 26 ఉదయము పాక్షిక సూర్యగ్రహణ సమయమున, తెలుగునాట ఆకాశము నిర్మలముగా ఉన్నచోట్ల చెట్లక్రింద గుండ్రని మచ్చలకు మారుగా నెలవంకలు పడినవి.

ఈ బింబమును ఇంటిలోనికి తెచ్చి కొలువవచ్చును. ఇందుకు చిన్న చేతి అద్దము, నల్లని దళసరి కాగితము, బంకమట్టి ముద్ద, తెల్లకాగితము అంటించిన అట్ట, పెన్సిలు, టేపు చాలును. నల్లకాగితములో 5 మిల్లీమీటర్ల భుజముగల చదరపు చిల్లు కత్తిరించి, అద్దముపై అంటింపుడు. ఉదయపు ఎండ పడు కిటికీలో అద్దమును మట్టిముద్దపై నిలిపి, వెలుగు గదిలోనికి పడునట్లు త్రిప్పుడు. తక్కిన కిటికీలు మూయవలెను.

ఒక హెచ్చరిక. సూర్యుని నేరుగా చూడరాదు; అద్దములోనికి చూడరాదు; ఇతరుల కండ్లలోనికి వెలుగు త్రిప్పరాదు. రెటీనా అను కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు. కావున అది దెబ్బతినుచున్నను మనము గుర్తింపలేము. అట్టమీది బింబమును మాత్రమే చూడవలెను.

ముందుగా అట్టను అద్దమునకు జానెడు దూరమున పట్టుడు. మచ్చ చదరముగా ఉండును. అట్టను వెనుకకు జరిపినకొలది మూలలు కరగి, మచ్చ గుండ్రమగును. కారణమేమి? సూర్యుడు ఒక చుక్క అయినచో మచ్చ ఎప్పుడును చదరముగానే ఉండెడిది. కాని సూర్యునికి వెడల్పు ఉన్నది. అతని బింబములోని ప్రతి చోటినుండియు వచ్చు వెలుగు, అట్టపై వేరువేరు చోట్ల ఒక్కొక్క చిన్న చదరమును పరచును. దూరము పెరుగగా ఈ చదరములు ఎడముగా జరిగి, అన్నియు కలిసి సూర్యుని ఆకారమునే చూపును.

ఇక కొలత. అద్దమునుండి అట్టకు 8 మీటర్లు ఉన్నదనుకొందము. గది చాలనిచో తలుపుగుండా లోపలి గదిలోనికి వెలుగును పంపవచ్చును. కిరణములు అట్టపై నిటారుగా పడవలెను. లేనిచో బింబము కోడిగ్రుడ్డువలె సాగును. భూభ్రమణమువలన బింబము సుమారు రెండు నిమిషములలో తన వెడల్పు మేర జరిగిపోవును గనుక, అంచులను వెంటనే గుర్తింపవలెను. వెడల్పు ఇంచుమించు 79 మిల్లీమీటర్లు ఉండును. ఇందులో చిల్లు వెడల్పు 5 తీసివేయగా 74. 8000ను 74తో భాగించిన 108 వచ్చును. అనగా సూర్యుడు తన వ్యాసమునకు సుమారు 108 రెట్ల దూరమున ఉన్నాడు. మీ గది పొడవు మారినను ఈ సంఖ్య ఇంచుమించు ఇంతే.

అయితే సూర్యుడెంత పెద్దవాడో ఈ ప్రయోగమొక్కటే చెప్పజాలదు. 25 మిల్లీమీటర్ల నాణెమును 2.7 మీటర్ల దూరమున ఉంచినను అదే నిష్పత్తి. చంద్రుడును దాదాపు అన్ని రెట్ల దూరముననే ఉన్నాడు. అందువలననే సంపూర్ణ గ్రహణమున అంత పెద్ద సూర్యుని కప్పగలుగుచున్నాడు. పరిమాణము తేలవలెనన్న దూరము వేరుగా తెలియవలెను. ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ణయించిన సగటు దూరము 14,96,00,000 కిలోమీటర్లు. దీనిని 108తో భాగించిన సుమారు 13,85,000 కిలోమీటర్లు వచ్చును. శాస్త్రజ్ఞులు చెప్పు వ్యాసము 13,92,000.

మీకు 100 గాని 115 గాని వచ్చినచో నిరుత్సాహపడవలదు. దూరము సరిగా కొలిచితిరా, చిల్లు వెడల్పు తీసివేసితిరా, అట్ట నిటారుగా ఉన్నదా అని చూచుకొని, మరునాటి ఎండలో మరల కొలువుడు.