తూకానికి అందని కండబలం
2004లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఒక ఫొటోలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కనే కనిపిస్తారు. ఎత్తునుబట్టి బరువును అంచనాకట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3గానే ఉన్నా, కొవ్వును విడిగా కొలిస్తే అది యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉన్నట్టు తేలింది. కండ కొవ్వుకన్నా సాంద్రమైనది గనుక, దండీలు, బస్కీలు తీసేవారి నడుము తగ్గి బట్టలు వదులైనా తూనిక యంత్రం పాత అంకెనే చూపవచ్చు. జిమ్ముల్లో టోనింగ్ అని ఊరించేది కూడా కండ కాస్త పెరిగి దానిమీది కొవ్వు పలచబడడమే తప్ప వేరొక ప్రక్రియ కాదు. భోజనం తర్వాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకొనేవి కండరాలే కాబట్టి, వారానికి కనీసం 2 రోజులు వాటికి పని చెప్పాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు, ఉదయపు నడకతో సరిపెట్టుకొనే మధుమేహులకు మరింతగా వర్తిస్తుంది.