బండికి పదిహేనేళ్లు నిండాయా?

కొత్త బండి కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టేస్తాం. ఇక జీవితాంతం సర్కారుకు చెల్లించాల్సిందేమీ లేదన్న ధీమా తెలుగునాట దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. పన్ను మాటెలా ఉన్నా, రిజిస్ట్రేషన్‌కు మాత్రం అది వర్తించదు. సొంత వాడకానికి కొన్న స్కూటరుకైనా కారుకైనా 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఇచ్చిన ఆయుష్షు పదిహేనేళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఎప్పటిదాకా చెల్లుతుందో ఆర్‌సీ కార్డు మీదే అచ్చేసి ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ. బీమా గడువు దగ్గరపడితే ఏజెంటు ఫోన్ చేస్తాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి ట్రాఫిక్ పోలీసు గుర్తు చేస్తాడు. పదిహేనేళ్ల కిందట పర్సులో పెట్టుకున్న కార్డు సంగతి ఎవరు గుర్తు చేయాలి? అప్పుడు రాయించిన సెల్ నంబరు కూడా ఈపాటికి మారిపోయి ఉంటుంది.

2010, 2011లలో రోడ్డెక్కిన స్ప్లెండర్లు, యాక్టివాలు, ఆల్టోలు, ఐ10లు ఇప్పుడు ఈ గడప దగ్గరికొచ్చాయి. రాష్ట్రం విడిపోకముందు కొన్నవి కాబట్టి హైదరాబాద్‌లో తిరిగేవాటి మీదా ఏపీ 09, ఏపీ 10, ఏపీ 28 అనే ఉంటుంది. తెలంగాణలో టీఎస్ నంబర్లు మొదలైంది 2014 జూన్‌లో. అవి టీజీగా మారింది 2024 మార్చిలో. ఈ మార్పులు కొత్త బళ్లకే. రెన్యువల్‌కు వెళ్తే పాత నంబరు తీసేసి టీజీ ఇస్తారేమోనన్న బెంగ అక్కర్లేదు, నంబరు అదే ఉంటుంది. ఈ లెక్కన తెలంగాణలో ఏపీ నంబరుతో మిగిలిన ఆఖరి బళ్లు కూడా 2029 జూన్ కల్లా పదిహేనేళ్ల పరీక్షకు రావాల్సిందే.

ఢిల్లీ గొడవ వేరు

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కు కిందికే అన్న ప్రచారం ఒకటుంది. అది ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి గాలి కాలుష్యం చూసి పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పింది. 2018లో సుప్రీంకోర్టూ దాన్ని సమర్థించింది. 2025 జులైలో అలాంటి బళ్లకు బంకుల్లో పెట్రోలు పోయొద్దని అక్కడ ఆదేశాలొచ్చాయి, జనం గగ్గోలు పెట్టడంతో రోజుల్లోనే ఆగిపోయాయి. ఆ నిషేధం రాజధాని ప్రాంతానికి పరిమితం. మన రెండు రాష్ట్రాల్లో సొంత బండి కండిషన్‌లో ఉంటే ఇరవై ఏళ్లయినా నడుపుకోవచ్చు. నడపకూడనివి సర్కారు బళ్లే. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కావడం లేదు. పాత బండి అమ్మబోతే, 'ఇంకెన్నాళ్లండీ, తుక్కే కదా' అంటూ సగానికి సగం బేరమాడే వాళ్లకు ఈ తేడా తెలియక కాదు.

ఐదొందల యాభై నుంచి మూడు వేలకు

డబ్బుల దగ్గరికొద్దాం. 2022 మార్చిదాకా బైకు రెన్యువల్ ఫీజు 300, కారుకు 600. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి కేంద్రం వాటిని 1000కి, 5000కి పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో మళ్లీ పెంచి బైకుకు 2000, కారుకు 10,000 చేసింది.

ఇది కేంద్రం వాటా. రాష్ట్రం వాటా పేరు గ్రీన్ ట్యాక్స్. ఒకప్పుడు ఐదేళ్లకు కలిపి బైకుకు 250, కారుకు 500 ఉండేది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి పదిహేనేళ్లు దాటిన బైకుకు 2000, కారుకు 5000 చేసింది. ఇరవై దాటితే బైకుకు 5000, కారుకు 10,000. మరుసటి ఏడాది తెలంగాణా ఆ దారే పట్టింది. రెండూ కలిపితే, ఐదొందల యాభైతో తేలిపోయిన బైకు పని ఇప్పుడు మూడు వేలు. కారుకు పదకొండొందలు కాస్తా పదివేలు. కార్డు ఖర్చు, సర్వీసు చార్జీలు దీనికి అదనం.

పాత బండి పొగ ఎక్కువ వదులుతుంది కాబట్టి దాన్ని వదిలించుకునేలా చేయాలన్నదే ఈ పెంపు వెనక ఆలోచన. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ ఫీజు బండి వయసు చూస్తుందే గానీ పొగ ఎంత వదులుతోందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడదు. నగరంలో రోజూ యాభై కిలోమీటర్లు తిరిగే బైకుకూ, పొద్దున పాల క్యాన్లు, సాయంత్రం గడ్డిమోపు మోసే టీవీఎస్ ఎక్సెల్‌కూ అదే వెయ్యి, అదే రెండు వేలు. ఇరవై ఏళ్లు దాటిన ఎక్సెల్‌కైతే ఏడు వేలు కట్టాలి. అంత పెడితే అలాంటి పాత బండి ఇంకోటి వస్తుందిగా అనుకుంటాడు రైతు. ఊళ్లో ఎవరడుగుతారులే అని అలాగే నడిపేస్తాడు. గడువు దాటాక ఆలస్య రుసుము బైకుకు నెలకు 300, కారుకు 500 చొప్పున పెరుగుతూ పోతుంది. ఏడాది గడిస్తే బైకుకు అదొక్కటే 3600. ఆ తర్వాత దారికొద్దామనుకున్నా చేతులు రావు. నిబంధన పాటించేవాడికి భారం పెంచి, పాటించనివాడిని ఇంకా దూరం నెట్టే ఏర్పాటు ఇది.

పెన్సిలు, సెల్లో టేపు

గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి స్లాట్ తీసుకుని, ఆ రోజున బండితో సహా రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లాలి. బీమా, పొల్యూషన్ కాగితాలు తాజాగా ఉండాలి, పెండింగ్ చలాన్లు కట్టేయాలి. బండిని చూసేది మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు, మన జనం భాషలో బ్రేకిన్‌స్పెక్టరు. హారన్, హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలు, బ్రేకులు చూస్తాడు. ఇన్నేళ్లుగా వెలగని బ్రేకు లైటు ఆఫీసు గేటు బయట మెకానిక్ చేతిలో పది నిమిషాల్లో వెలుగుతుంది.

అక్కడ కాసేపు నిలబడి చూడాల్సింది ఛాసిస్ ప్రింటు తీసే పని. బైకుకైతే హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర నంబరు చెక్కి ఉంటుంది. పదిహేనేళ్ల గ్రీజు, దుమ్ము పేరుకుని అది అట్టకట్టుకుపోయి ఉంటుంది. ముందు పెట్రోలు గుడ్డతో తుడవాలి, తుప్పుంటే గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. పెన్సిలు ముక్కతో నంబరు మీద నల్లగా రుద్ది, పైన సెల్లో టేపు అతికించి ఊడదీస్తే అక్షరాలు టేపు మీదికి వచ్చేస్తాయి. ఆ టేపును ఫారం మీద అంటిస్తారు. స్లాటు, ఫీజు అన్నీ ఆన్‌లైనే అయినా, ఆ బండి ఆ బండేనని నిరూపించేది పెన్సిలు ముక్కే. ఒక్క అంకె చెరిగిపోయి చదవరాకపోయినా పని ఆగుతుంది.

అసలు చిక్కులు మాత్రం బండిలో కాదు, కార్డులో ఉంటాయి. అప్పు తీసుకుని కొన్న బండైతే ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. కిస్తీలు తీరాక ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చుకుని ఆ పేరు కొట్టించుకోవాలి. చాలామంది ఆఖరి కిస్తీ కట్టిన సంతోషంలో అది మర్చిపోతారు. పదేళ్ల తర్వాత వెతికితే ఆ కంపెనీ వేరే దాంట్లో కలిసిపోయి ఉంటుంది, ఊళ్లోని బ్రాంచి ఎత్తేసి ఉంటారు. ఇంకో చిక్కు నాన్న పేరు మీదున్న స్కూటరు. ఆయన పోయాక కొడుకే నడుపుతుంటాడు, పేరు మాత్రం మారదు. యజమాని చనిపోతే మూడు నెలల్లోగా వారసుడు తన పేరుకు మార్పించుకోవాలని చట్టం. రెన్యువల్‌కు వచ్చినప్పుడు గానీ ఈ సంగతి బయటపడదు, అప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఏజెంట్ల బతుకుతెరువు ఎక్కువగా ఈ రెండు చిక్కుల మీదే.

తాలూకా రాతలకు చోటు లేదు

2024 ఎన్నికలప్పుడు ఎన్నో బైకుల మీద 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని స్టిక్కర్లు వెలిశాయి. నంబరు ఉండాల్సిన చోట హీరో పేరో, దేవుడి బొమ్మో, 'ప్రెస్' అన్న ముక్కో పెట్టుకోవడం మనకు పాత అలవాటే. హై సెక్యూరిటీ ప్లేటు వచ్చాక వాటికి చోటు లేకుండా పోయింది. అల్యూమినియం రేకు మీద ఎడమవైపు పైన నీలిరంగు అశోక చక్రం హోలోగ్రాం, కింద లేజరుతో చెక్కిన కోడ్. ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని తాళం. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు ఇది కంపెనీ నుంచే వస్తోంది. అంతకుముందు కొన్న వాటికీ బిగించుకోవాలని తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చింది. ధర బైకుకు 320 నుంచి 380, కారుకు 590 నుంచి 700.

కారుకైతే ఇంకొకటుంది, దాన్ని మూడో ప్లేటు అంటారు. నిజానికి అది అరచేతిలో పట్టే స్టిక్కరు. ముందు అద్దం లోపల, ఎడమవైపు పైన అంటిస్తారు. పెట్రోలు, సీఎన్‌జీలకు లేత నీలం, డీజిల్‌కు నారింజ, మిగతావాటికి బూడిద రంగు. బీఎస్-6 బండైతే పైన సన్నటి పచ్చ పట్టీ. రిజిస్ట్రేషన్, ఇంజను, ఛాసిస్ నంబర్లన్నీ దాని మీద ఉంటాయి. పీకితే చిరిగి పాడయ్యేలా చేస్తారు కాబట్టి ఒక కారుది తీసి ఇంకో కారుకు అంటించడం కుదరదు. దొంగ బండిని పట్టుకోవడానికి ప్లేటు కంటే ఇదే నమ్మకమైన గుర్తు. మన రోడ్ల మీద ఎంతమంది పోలీసులు దాన్ని చూస్తున్నారంటే జవాబు చెప్పడం కష్టమే.

అక్కడ ఏటేటా

టెక్సస్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇది ఏటా వచ్చే పని. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని, కొత్త స్టిక్కరు ముందు అద్దానికి అంటించుకోవాలి. కాలిఫోర్నియాలోనైతే వెనక ప్లేటు మీదే నెల, ఏడాది చెప్పే ముక్కలు అంటిస్తారు. కెనడాలోని అంటారియో 2022 మార్చిలో సొంత కార్లకు రెన్యువల్ రుసుమూ స్టిక్కరూ రెండూ ఎత్తేసింది. జనం రెన్యువల్ మర్చిపోతున్నారని 2024 జులై నుంచి ఆ పనినీ ప్రభుత్వమే దానంతటది జరిగిపోయేలా చేసింది. మన దగ్గర అంత కాకపోయినా, గడువుకు రెండు నెలల ముందు ఒక్క మెసేజ్ పంపితే సగం ఆలస్య రుసుములు తప్పుతాయి.

గడువు దాటిన ఆర్‌సీతో దొరికితే మొదటిసారి జరిమానా 2000 నుంచి 5000 దాకా ఉంటుంది. అంతకంటే పెద్ద దెబ్బ బీమా దగ్గర. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయిన కారు దొంగతనానికి గురైతే, పాలసీ ఉన్నా పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది.

రెన్యువల్ గిట్టుబాటు కాదనుకుంటే తుక్కుకు ఇచ్చేయొచ్చు. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే ఒక సర్టిఫికెట్ వస్తుంది, కొత్త బండి పన్నులో రాయితీకి అది పనికొస్తుంది. మనవాళ్లు ఎక్కువగా చేసేది మాత్రం వీధిలోకొచ్చిన పాత ఇనుప సామాన్ల వ్యాపారికి తూకానికి వేసేయడం. బండి వెళ్లిపోతుంది గానీ రికార్డుల్లో అది మీ పేరునే ఉంటుంది. ఆ నంబరు ప్లేటు ఇంకెక్కడో తేలితే పోలీసులు మీ గుమ్మంలోకే వస్తారు. బండిని శాశ్వతంగా వాడకం నుంచి తీసేస్తే పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు చెప్పాలని చట్టంలో ఉంది. తూకం వేసే ముందు ఛాసిస్ నంబరున్న ముక్క కోయించి దగ్గర పెట్టుకోండి. దాన్ని, ఆర్‌సీని ఆఫీసులో అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు కాగితం అడిగి తీసుకోండి.