ఇల్లే బడైతే... తలుపు తట్టేదెవరు?

‘మా పిల్లల చదువు మా ఇష్టం’ అంటారు ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు. ‘బడి ఈడు పిల్లలు బడిలోనే ఉండాలి’ అంటుంది చట్టం. ఇద్దరి మాటలోనూ నిజముంది. చిక్కల్లా అక్కడే!

ఆగస్టు నెల. బడులు తెరిచి రెండు నెలలు దాటింది. రిజిస్టరు చేతపట్టుకుని ఓ టీచరు ఇంటింటికీ తిరుగుతున్నారనుకుందాం. ‘‘బడి ఈడు పిల్లలున్నారామ్మా? ఏ బడికి వెళ్తున్నారు?’’ అన్ని గుమ్మాల్లోనూ ఇదే ప్రశ్న.

హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంటు. బెల్లు కొడితే తొమ్మిదేళ్ల బాబు తలుపు తీశాడు. హాల్లో గోడ పొడవునా పుస్తకాలు. బల్ల మీద సగం విప్పిన రేడియో. ‘‘మావాడు ఏ బడికీ వెళ్లడండీ, నేనే చదువు చెబుతున్నా’’ అంది తల్లి.

గద్వాల వైపు ఓ పల్లె. అక్కడా ఓ టీచరు వెళ్లారు. ఇంటికి తాళం. తొమ్మిదేళ్ల పాప అమ్మ వెంట పత్తి చేలో ఉంది. విత్తన పత్తిలో ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకి అద్దాలి. ‘క్రాసింగ్’ అంటారు ఆ పనిని. చిన్న వేళ్లకైతే బాగా కుదురుతుందని ఆ చేలల్లో ఏళ్ల తరబడి ఆడపిల్లల్ని పనికి పెట్టుకున్నారు. ‘‘బడికి పంపట్లేదు సారూ, నాతోనే ఉంటది’’ అంది ఈ తల్లి.

రెండు ఇళ్లు. ఇద్దరు తల్లులు. చెప్పిన మాట ఇంచుమించు ఒక్కటే. రిజిస్టరులోనూ ఇద్దరు పిల్లలదీ ఒకటే గడి... ‘బడి బయటి పిల్లలు’. ఒకరికి బడి అక్కర్లేదనుకున్నారు. ఇంకొకరికి బడి అందలేదు. కాగితం మీద కనిపించని ఆ తేడాని ప్రభుత్వం పసిగట్టేదెలా? హోమ్ స్కూలింగ్ మీద ఏ దేశంలో వాదన జరిగినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది.

బడి వద్దనుకున్నవాళ్లు

ఇంటి చదువు మనకేం కొత్త కాదు. విశ్వకవి రవీంద్రుడికి చిన్నప్పుడు బడి అంటే గిట్టేది కాదు. ఆయన చదువు చాలావరకూ ఇంట్లోనే సాగింది. అలాంటివాడు పెద్దయ్యాక, 1901లో శాంతినికేతన్‌లో తన మనసుకు నచ్చిన బడిని తానే పెట్టుకున్నాడు.

ఈ కాలంలోనూ ఉదాహరణలున్నాయి. హైదరాబాద్‌కి చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లో అమ్మానాన్నల దగ్గరే చదువుకుంది. ఎనిమిదేళ్లకే పదో తరగతి, పదమూడేళ్లకే డిగ్రీ పూర్తిచేసి వార్తల్లోకెక్కింది. ముంబయి అమ్మాయి మాళవిక జోషిని ఏడో తరగతి తర్వాత తల్లి బడి మాన్పించింది. ఆ అమ్మాయి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మీద మనసు పెట్టి, అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కాబట్టి ఐఐటీ తలుపులు తెరుచుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ మాత్రం 2016లో ఉపకార వేతనంతో సహా సీటిచ్చింది.

అందరూ ఒలింపియాడ్ పిల్లలే అవుతారని కాదు. తెల్లారకముందే స్కూలు బస్సు, రాత్రి పదింటిదాకా హోంవర్కు, ర్యాంకుల పరుగు... వీటినుంచి పిల్లల్ని తప్పించాలన్నది కొందరి ఆరాటం. ఆటల్లోనో సంగీతంలోనో రాణించే పిల్లలకి సమయం చాలక కొందరు, తరగతి వేగాన్ని అందుకోలేని పిల్లల్ని చూసి మనసు చివుక్కుమని ఇంకొందరు ఈ బాట పడుతున్నారు.

అమెరికాలో ఈ ఆలోచనకి ఊపు తెచ్చినవారిలో జాన్ హోల్ట్ ఒకరు. ఆయన స్వయానా బడిపంతులు. బడుల్ని బాగుచేయాలని చాలాకాలం రాసి రాసి, ఇక లాభం లేదనుకుని 1977లో ఇంటి చదువుల కోసమే ఓ పత్రిక పెట్టాడు. ఆ దేశంలో 1999లో దాదాపు ఎనిమిదిన్నర లక్షల మంది పిల్లలు ఇంట్లో చదువుకుంటుంటే 2016 నాటికి ఆ సంఖ్య సుమారు 17 లక్షలకు చేరింది.

మన చట్టం ఏమంటోంది?

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కయింది. దాన్ని అమలు చేయడానికి తెచ్చిందే విద్యాహక్కు చట్టం. 2009లో చేసిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

దీని ప్రకారం పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతోంది. మరి చేర్చకపోతే? తల్లిదండ్రులకి ఏ శిక్షా రాయలేదు. గుర్తింపు లేకుండా బడి నడిపేవారికి మాత్రం లక్ష రూపాయల వరకూ జరిమానా ఉంది.

ఇంటి చదువు సంగతేమిటి మరి? తప్పని చట్టం ఎక్కడా అనలేదు. ఒప్పని కూడా అనలేదు. ఢిల్లీ హైకోర్టులో దీనిమీద ఓ కేసు నడిచినప్పుడు, ఇంటి చదువును ఎంచుకున్న తల్లిదండ్రులకి ఈ చట్టం అడ్డురాదని 2012లో కేంద్రం చెప్పింది. కానీ ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. అదే ఏడాది చేసిన సవరణ మాత్రం తీవ్రమైన వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటివద్దే చదువుకునే వీలు కల్పించింది. అంటే అవసరమైతే బడి ఇంటికి రావచ్చని చట్టమే ఒప్పుకుంది. అయితే అది వాళ్ల వరకే!

‘‘ఆ వీలేదో అందరికీ ఇచ్చేస్తే పోలేదా?’’ అనిపిస్తుంది. పోదు. ఎందుకో తెలియాలంటే ఆ అపార్ట్‌మెంటు వదిలి మళ్లీ పత్తి చేను దగ్గరికి రావాలి.

పొలం నుంచి బడికి...

ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బడి ఈడు పిల్లలు పశువుల వెంటా, పొలాల్లోనూ, జీతగాళ్లుగానూ కనిపించేవారు. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పాటైన ఎం.వి.ఫౌండేషన్ 1990ల మొదట్లో అక్కడ పని మొదలుపెట్టింది. పనిలో ఉన్న పిల్లల్ని తీసుకొచ్చి శిబిరాల్లో కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చింది. ఆ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి ఆమే తొలి అధ్యక్షురాలు.

ఆ సంస్థ సూత్రం ఒక్కటే... బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బాలకార్మికులే. ‘ఇంటి దగ్గర ఏదో పని చేసుకుంటోంది’, ‘వాళ్లమ్మకి సాయంగా ఉంది’ లాంటి మాటలకి అక్కడ తావులేదు. అలాంటి మాటల చాటునే లక్షలాది బాల్యాలు కరిగిపోయాయి కాబట్టి ఆ సూత్రం అంత కరకుగా ఉండాల్సి వచ్చింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ చేసి పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. కానీ బడి వేళలయ్యాకా, సెలవుల్లోనూ కుటుంబ పనుల్లో సాయపడితే తప్పులేదన్నారు. ఇప్పుడు ఇంటి చదువుకి ఏ షరతూ లేకుండా తలుపులు తెరిచారనుకోండి. బడే లేని పిల్లకి బడి వేళలు ఎక్కడివి? ‘‘పొద్దున చదువుకుంది, ఇప్పుడు నాకు సాయం చేస్తోంది’’ అంటే కాదనేదెవరు?

బడి అంటే పాఠాలే కాదన్న సంగతీ మరవకూడదు. పేదింటి పిల్లలకి అక్కడ మధ్యాహ్న భోజనం దొరుకుతుంది. పెళ్లి చేసేయాలనుకునే ఇంట్లో ఆడపిల్లకి ‘‘నేను చదువుకుంటున్నా’’ అనే ఓ ఆసరా దొరుకుతుంది. రాకపోతే ‘ఏమైంది?’ అని అడిగే టీచరు ఉంటారు. ఏ కులం పిల్లలైనా ఒకే బెంచీమీద కూర్చుని, ఒకే బంతిలో తినే చోటు ఊళ్లో ఇంకేదైనా ఉందా?

దేశానికో దారి

ఈ చివరి మాటనే జర్మనీ చాలా గట్టిగా పట్టుకుంది. భిన్న విశ్వాసాల పిల్లలు కలిసి పెరగాలి, సమాజం ఎవరికివారుగా విడిపోకూడదన్నది ఆ దేశం వాదన. అక్కడ పిల్లలు బడికి వెళ్లి తీరాలి. కాదంటే జరిమానాలు. మత విశ్వాసాల కారణంగా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తామన్న ఓ కుటుంబం ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లినా 2006లో చుక్కెదురైంది.

ఫ్రాన్స్‌లో ఒకప్పుడు ‘ఇంట్లో చదివిస్తున్నాం’ అని తెలియజేస్తే సరిపోయేది. 2021లో చేసిన చట్టంతో ఆ పద్ధతి మారింది. 2022 నుంచి ముందస్తు అనుమతి కావాలి, కారణం చూపించాలి.

అమెరికాలో రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో ఇంట్లో చదివించేవాళ్లు ఎవరికీ చెప్పక్కర్లేదు. పెన్సిల్వేనియాలో పిల్లలు ఏడాదంతా ఏం చేశారో దస్త్రం తయారుచేసి మదింపు చేయించాలి.

ఎవరూ వచ్చి చూడకపోతే ఏమవుతుందో 2018 జనవరిలో లోకం చూసింది. కాలిఫోర్నియాలోని పెర్రిస్ పట్టణంలో పదిహేడేళ్ల అమ్మాయి ఇంటి కిటికీలోంచి బయటపడి పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్లొచ్చి చూస్తే... రెండేళ్ల పాప నుంచి 29 ఏళ్ల యువతి దాకా 13 మంది తోబుట్టువులు, చాలామంది తిండిలేక చిక్కి శల్యమైపోయారు. కొందరిని గొలుసులతో కట్టేశారు. తండ్రి ఆ ఇంటిని కాగితాల మీద ప్రైవేటు బడిగా నమోదు చేశాడు. ఆ బడి ఎలా ఉందో చూడటానికి ఒక్క అధికారీ రాలేదు!

ఇంట్లో చదివించే తల్లిదండ్రులంతా అలాంటివాళ్లని ఎవరూ అనరు. హింస జరిగే ఇళ్ల పిల్లలు బడికి వెళ్లేవాళ్లలోనూ ఉంటారు. అయితే బడికి వెళ్లే పిల్ల ఒంటిమీద దెబ్బ కనిపిస్తే అడిగేవాళ్లుంటారు. తేడా అదే.

అయిదు డాలర్ల జరిమానా

తల్లిదండ్రులు, ప్రభుత్వం... పోట్లాట ఎప్పుడూ ఈ ఇద్దరి మధ్యే. మరి పిల్లల మాటో? ఆ సంగతి గుర్తుచేసిన కేసు ఒకటుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆమిష్ తెగకు చెందిన ముగ్గురు తండ్రులు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడి మాన్పించారు. సేద్యం, ఇంటిపని నేర్చుకుంటే చాలన్నది వాళ్ల విశ్వాసం. ఒక్కొక్కరికి అయిదు డాలర్ల జరిమానా పడింది. అంత చిన్న జరిమానా మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1972లో తీర్పు తండ్రుల వైపే వచ్చింది.

న్యాయమూర్తి విలియం డగ్లస్ మాత్రం అందులో ఓ మెలిక పట్టుకున్నాడు. ముగ్గురిలో ఒక్క తండ్రి విషయంలోనే కూతురు కోర్టుకొచ్చి తన మాట చెప్పింది. మిగతా ఇద్దరి పిల్లల్నీ ఎవరూ అడగలేదు. వాళ్ల బతుకు గురించిన నిర్ణయంలో వాళ్ల మాట వినక్కర్లేదా అన్నది ఆయన అభ్యంతరం. ఆ పిల్లలు రేపు ఏ డాక్టరో సంగీతకారుడో కావాలనుకుంటే ఈరోజు మూసిన తలుపు వాళ్లకి అడ్డు కాదా?

నిర్ణయానికి ముందు...

ఇంట్లో చదివించాలన్న ఆలోచన ఉంటే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

* సర్టిఫికెట్ కావాలంటే ఓపెన్ స్కూల్ దారి ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ(ఎన్ఐఓఎస్)లో పదో తరగతికి 14 ఏళ్లు, పన్నెండో తరగతికి 15 ఏళ్లు నిండాలి. తెలుగు రాష్ట్రాలకీ సొంత ఓపెన్ స్కూళ్లున్నాయి. పిల్లలు పైచదువు ఏం చదవాలనుకుంటున్నారో దానికి ఆ సర్టిఫికెట్ ఎలా పనికొస్తుందో ముందే కనుక్కోవాలి.

* నచ్చకపోతే వెనక్కి రావచ్చు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఎప్పుడొచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. మిగతావారిని అందుకునేందుకు ప్రత్యేక శిక్షణా ఇవ్వాలి.

* ఎవరు ఉద్యోగం మానాలి? సాధారణంగా ఆ భారం తల్లిమీదే పడుతుంది. ఆమె అయిష్టంగా మొదలుపెట్టిన చదువు ఎన్నాళ్లో సాగదు.

* స్నేహితులెక్కడ? రోజూ ఆడుకోవడానికి, పోట్లాడుకోవడానికి తోటిపిల్లలు కావాలి. మైదానమో గ్రంథాలయమో సంగీతం క్లాసో, ఆ ఏర్పాటు పెద్దవాళ్లే చూడాలి.

రెండు గుమ్మాలకీ ఒకే ప్రశ్న

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడినప్పుడు దేశంలో ప్రతి ఇల్లూ బడైంది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు చెప్పారు. చదువుకున్న అమ్మానాన్నలు, విడిగా గది, చేతికో ట్యాబ్ ఉన్న పిల్లలకి గండం గడిచింది. ఇవేవీ లేనిచోట బడి తలుపు మూసుకోవడమంటే చదువు తలుపు మూసుకోవడమే. ఇల్లు బడి కాగలదా అన్నది ఆ ఇంటిని బట్టి ఉంటుందని అందరికీ తెలిసొచ్చింది.

కాబట్టి నిషేధించడమూ పరిష్కారం కాదు, పట్టించుకోకపోవడమూ కాదు. ఇంటి చదువుకి చట్టంలో ఓ చోటు కల్పించి, పేరు నమోదు చేయించుకోమనొచ్చు. ఏడాదికోసారి ఓ టీచరు వెళ్లి పిల్లల చదువునీ ఆరోగ్యాన్నీ చూసి రావచ్చు. నిజంగా చదివించే తల్లికి దానివల్ల పోయేదేమీ లేదు. దొంగచాటుగా బతకాల్సిన పని తప్పుతుంది కూడా. చదివించని ఇంట్లో పిల్లకి అదే దిక్కు.

అప్పుడు ఆ టీచరు రిజిస్టరు పట్టుకుని మళ్లీ అపార్ట్‌మెంటు బెల్లు కొడతారు. పత్తి చేను గట్టు మీదికీ వెళతారు. అమ్మానాన్నల్ని అడగాల్సినవి అడిగాక, కాస్త వంగి పిల్లల కళ్లలోకి చూసి ఇంకో ప్రశ్న వేస్తే చాలు... ‘‘నువ్వేం చదువుకుంటున్నావమ్మా?’’

సగం విప్పిన రేడియో తెచ్చి చూపించడానికి ఆ బాబుకి క్షణం పట్టదు. పుప్పొడి అంటిన వేళ్లని వెనక్కి దాచుకునే పాప ఏమీ చెప్పక్కర్లేదు.