కారు కప్పు మీది యాంటెన్నా ఎక్కడుండాలి?

డాలస్ నుంచి ఎల్ పాసోకు కారులో సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఊరు దాటి కాస్త దూరం పోగానే ఎఫ్ఎం స్టేషన్లు ఒక్కొక్కటే గరగరలాడి మాయమవుతాయి. పడమటి టెక్సాస్‌లో కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా నిలవదు. అమెరికాలోని అలాంటి దారుల్లో ఇప్పటికీ నమ్మకంగా పలికేది శాటిలైట్ రేడియో. కొత్త కార్లలో చాలావాటికి అది కంపెనీ నుంచే వస్తుంది. అక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న మనవాళ్లు మాత్రం రిసీవర్, యాంటెన్నా విడిగా తెచ్చి బిగించుకోవాల్సి రావచ్చు. పని కష్టమైనది కాదు, ఓ పూట తీరిక చాలు. అయితే రిసీవర్ ఏది కొనాలన్న దాని మీద పెట్టే శ్రద్ధలో సగమైనా యాంటెన్నా మీద పెట్టాలి. పాట తెగిపోతోందంటే నేను ముందు చూడమనేది కారు కప్పునే.

ఎందుకో తెలియాలంటే సిగ్నల్ ఎలా వస్తుందో చూడాలి. ఎక్స్ఎం సంస్థ 2001 సెప్టెంబరులో, సిరియస్ 2002లో ప్రసారాలు మొదలుపెట్టాయి. 2008లో రెండూ కలిసి సిరియస్ ఎక్స్ఎం అయ్యాయి. వాటికి కేటాయించిన తరంగాలు 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ మధ్యవి. ఇవి గోడల్ని, కొండల్ని చుట్టుకొని రాలేవు. ఉపగ్రహానికీ యాంటెన్నాకూ మధ్య దారి తెరిచి ఉండాల్సిందే. మరి వంతెన కిందికి వెళ్లినప్పుడు పాట ఎందుకు ఆగదు? ఒకే కార్యక్రమాన్ని రెండు ఉపగ్రహాలు పంపుతాయి. రెండోది సుమారు నాలుగు సెకన్లు అటూ ఇటూగా వస్తుంది. రిసీవర్ ఆ నాలుగు సెకన్ల పాటను దాచిపెట్టుకొని, ఒకవైపు తెగినప్పుడు రెండోవైపు నుంచి పూడ్చుకుంటుంది. పెద్ద నగరాల్లో మేడల నీడను దాటడానికి నేల మీద కూడా ప్రసార కేంద్రాలు పెట్టారు. ఇంత ఏర్పాటూ కారు మీది యాంటెన్నాకు ఆకాశం కనిపిస్తేనే పనికొస్తుంది.

ఆ యాంటెన్నా అగ్గిపెట్టె కన్నా మరీ పెద్దదేం కాదు. అడుగున అయస్కాంతం, లోపల బలహీనమైన సిగ్నల్‌ను పెంచే చిన్న యాంప్లిఫయర్ ఉంటాయి. దాని కింద ఉన్న ఇనుప రేకు కూడా యాంటెన్నా పనిలో భాగమే. అందుకే వైరు లాగే శ్రమ తప్పించుకోవడానికి దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెడితే రెండు విధాలా నష్టం: కింద రేకు ఉండదు, పైన సగం ఆకాశాన్ని కప్పే మూసేస్తుంది. కప్పు వెనక భాగంలో, అంచుల నుంచి కొన్ని అంగుళాలు లోపలికి, సామాన్ల కడ్డీలకు దూరంగా పెట్టండి. సన్‌రూఫ్ అద్దం మీద పెట్టకూడదు. 2015 నుంచి వస్తున్న ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియం, కోర్వెట్‌ది ఫైబర్‌గ్లాస్ రకం. వాటికి అయస్కాంతం అంటుకోదు కాబట్టి జిగురుతో అతికించే బిళ్ల వాడాలి. ఫైబర్‌గ్లాస్ అయితే కింద రేకు ముక్క కూడా కావాలి. మడిచే గుడ్డ కప్పున్న కార్లకు డిక్కీ మూతే గతి. పెట్టేముందు ఆ చోట దుమ్ము శుభ్రంగా తుడవాలి. పెట్టాక పక్కకు లాగకూడదు, ఇసుక రేణువు ఒక్కటున్నా పెయింటు మీద గీత పడుతుంది.

ఇక వైరు. ఓపిక కావాల్సింది ఇక్కడే. యాంటెన్నా నుంచి వెనక అద్దం దాకా వైరును తిన్నగా తీసుకొచ్చి, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను బొటనవేలితో కొద్దికొద్దిగా ఎత్తుతూ దాని కిందికి నొక్కుతూ పోవాలి. స్క్రూడ్రైవర్ వాడితే రబ్బరూ చిరుగుతుంది, వైరు తొడుగూ తెగుతుంది. అద్దం కింది మూల దాకా వచ్చాక డిక్కీలోకి మళ్లించండి. వైరు లోపలికి దూరే చోటుకన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదిలితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి, లోపలికి పాకవు. అక్కడి నుంచి వెనక సీటు పక్కగా, తలుపుల దగ్గర అడుగున ఉండే ప్లాస్టిక్ పట్టీల కిందుగా ముందుకు తేవాలి. ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న స్తంభాల లోపలి నుంచి మాత్రం లాగొద్దు. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగులు అక్కడే మడిచి ఉంటాయి. పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవే, చెయ్యి పెట్టకండి. మిగిలిన వైరును కత్తిరించడం తప్పు. లోపలి యాంప్లిఫయర్‌కు కరెంటు వెళ్లేది కూడా ఆ వైరులోంచే. వదులుగా చుట్టి సీటు కిందో, డ్యాష్‌బోర్డు వెనకో పెట్టేయండి. పదునుగా మడవకండి.

రిసీవర్‌కు కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి వస్తుంది. ధ్వనికి కారులో ఆక్స్ రంధ్రం ఉంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. లేనివాళ్లు రిసీవర్‌లోని ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వాడి ఖాళీ ఫ్రీక్వెన్సీలో వింటారు. కొన్ని రిసీవర్ల ట్రాన్స్‌మిటర్లు పరిమితిని మించి ప్రసారం చేస్తున్నాయని 2006లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ గుర్తించింది. పరిమితికి లోబడిన ట్రాన్స్‌మిటర్ బలం తక్కువే కాబట్టి ఊరు మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ వెతుక్కోవాల్సి వస్తుంది.

చందా కట్టాక రేడియోను తెరిచే ఆదేశం కూడా ఉపగ్రహం నుంచే వస్తుంది. కారును గ్యారేజీ బయట, దక్షిణాన చెట్లూ మేడలూ లేని చోట పెట్టి రేడియో ఆన్‌లో ఉంచండి. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద ఉంటాయి కాబట్టి సియాటిల్ లాంటి ఉత్తరపు ఊళ్లలో అవి దక్షిణాన తక్కువ ఎత్తులోనే ఉంటాయి. తెర మీద యాంటెన్నా చూసుకోమని వస్తే తప్పు వైరులోనో కనెక్టరులోనో ఉంది. సిగ్నల్ లేదని వస్తే వైరు బాగానే ఉండొచ్చు, ఆకాశమే అడ్డుపడి ఉంటుంది. ఈ తేడా తెలిస్తే అనవసరంగా అంతా ఊడదీసే పని తప్పుతుంది. ప్లాస్టిక్ పట్టీలు బిగించకముందే ఒకసారి ఆన్ చేసి చూడండి.

మన దగ్గర వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియో ఉన్న రోజుల్లో స్పందన అనే తెలుగు చానల్ వచ్చేది. దాని యాంటెన్నాను ఇంటి మీదో కిటికీలోనో పెట్టి, ఆసియాస్టార్ ఉపగ్రహం వైపు తిప్పి నిలపాల్సి వచ్చేది. ఆ సేవ 2009 డిసెంబరు 31తో భారత్‌లో ఆగిపోయింది. అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్లు సిరియస్ ఎక్స్ఎం రిసీవర్‌ను సామానులో పెట్టుకోకండి. ఆ ఉపగ్రహాల సిగ్నల్ ఇక్కడికి అందదు. బయల్దేరే ముందు చందా మాత్రం రద్దు చేసుకోండి.